ముందు సార్‌కు చెప్పాలి

వరంగల్‌లో తొర్రూరు బస్సెక్కండి. దారికి అటూ ఇటూ లోపలికి ఉన్న ఊళ్ళలో ఏ సర్కారు దవాఖానకైనా వెళ్ళండి. అక్కడ ఆపరేషన్ థియేటర్ తలుపు తెరిచి ఉందంటే, లోపల ఒక గర్భిణికి సిజేరియన్ జరుగుతోందంటే, అది నా చలవే. ముప్పై ఏళ్ళపాటు మత్తు డాక్టర్లను తయారుచేసి, ఊరికొకరిని పంపించి, ఒక్కరు కూడా పోస్టు వదిలి పారిపోకుండా నిలబెట్టిన మనిషిని నేను.

ఈ మాట నా రిటైర్మెంటు సభలో చెప్పాను. చప్పట్లు కొట్టారు. పీజీ పూర్తిచేసి, పోస్టింగ్ కాగితం చేతిలో పట్టుకుని వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడుతున్న మీలాంటి పిల్లలకు కూడా ఇదే చెబుదామని కూర్చున్నాను. కానీ రాసేటప్పుడు చప్పట్లు వినబడవు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేనప్పుడు అబద్ధం ఆడటం నాలాంటివాడికి కూడా కష్టమే.

ముందు మన పని సంగతి ఒకటి చెప్పాలి. సర్జన్‌కు పేషెంటు దండం పెడతాడు. మనకు పెట్టడు. మనల్ని చూసిన అర నిమిషంలో నిద్రపోతాడు, లేచాక మన ముఖం గుర్తుండదు. ఒకసారి హనుమకొండ కూరగాయల మార్కెట్‌లో నేనూ మా సర్జనూ నడుస్తున్నాం. ఎదురుగా వచ్చినాయన సర్జన్ కాళ్ళ మీద పడ్డాడు. పడేముందు తన వంకాయల సంచి నా చేతికిచ్చి, "జర పట్టుకో అన్నా" అన్నాడు. నాలుగు గంటల ఆపరేషన్‌లో ఆయన ఊపిరి నా చేతుల్లో ఉంది. అదే చేతుల్లో ఇప్పుడు వంకాయలు. లేచాక సంచి తీసుకుని, "ఎవరు సార్ ఈయన, మీ డ్రైవరా?" అని సర్జన్‌నే అడిగాడు.

ఇది నవ్వుకోవడానికి చెప్పాను గానీ, ఇందులో మన ఉద్యోగమంతా ఉంది. మనం ఒంటరివాళ్ళం. పెద్ద దవాఖానలో పదిమంది మత్తు డాక్టర్లం ఉంటాం కాబట్టి అది తెలియదు. ఊరి దవాఖానకు వెళితే తెలుస్తుంది. అక్కడ కాన్పుల డాక్టరమ్మ ఉంటుంది, నర్సులుంటారు, బల్ల ఉంటుంది, లైటు ఉంటుంది. మత్తు డాక్టర్ లేకపోతే థియేటర్‌కు తాళం. నొప్పులతో వచ్చిన మనిషికి రెఫరల్ చీటీ రాసి, 108లో పడుకోబెట్టి, గంటకు పైగా దూరంలో ఉన్న వరంగల్‌కు పంపించడమే. దారిలో ఏమవుతుందో ఎవరూ పూచీ ఇవ్వరు.

అందుకే మమ్మల్ని ఇంటర్వ్యూ బోర్డులో కూర్చోబెట్టేవాళ్ళు. హనుమకొండలో ఒక ఆఫీసు హాలు. బల్ల మీద తెల్లగుడ్డ, గాజు గ్లాసుల్లో నీళ్ళు, రెండు ప్లేట్ల బిస్కెట్లు. బల్లకు ఇవతల అయిదుగురం పెద్దమనుషులం, అవతల ఒక కుర్చీ. చాలాసార్లు ఆ కుర్చీ సాయంత్రందాకా ఖాళీగానే ఉండేది. మధ్యాహ్నానికి బిస్కెట్లు మేమే తినేసేవాళ్ళం. గుమాస్తా తలుపు దగ్గర నిలబడి, "సార్, మల్లొకసారి నోటిఫికేషన్ ఏద్దామా?" అనేవాడు. వచ్చినవాళ్ళలో సగంమంది చేరేవాళ్ళు కాదు. చేరినవాళ్ళు పదిహేను రోజులకు, "మా నాన్నగారి ఆరోగ్యం బాగా లేనందున" అని ఉత్తరం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ ఉత్తరాలన్నీ నమ్మితే, ఈ రాష్ట్రంలో మత్తు డాక్టర్ల తండ్రులంత రోగిష్టులు ఇంకెవరూ ఉండరు.

కాబట్టి మొదట్లో చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా మాట మీద వెళ్ళినవాళ్ళలో ఇవాళ్టికీ అక్కడే ఉన్నది ఒక్కతే. తొర్రూరు వైపు ఒక ఊరు. ఊరి పేరు, మనిషి పేరు రెండూ చెప్పను.

ఆ అమ్మాయి వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం వాళ్ళ బిడ్డ. గిన్నెల చప్పుళ్ళ మధ్య పెరిగినందువల్లనేమో, గుసగుసగా చెప్పవలసిన మాటను కూడా గట్టిగా చెప్పేది. చేతులు మాత్రం బంగారం. వెన్నులో సూది దించితే మొదటిసారికే దిగేది. నా దగ్గర మూడేళ్ళు నేర్చుకుంది. నా థియేటర్‌లో ఒకటే చట్టం: ముందు సార్‌కు చెప్పాలి. మందు మోతాదు మార్చాలా, సార్‌కు చెప్పాలి. బీపీ పడిందా, సార్‌కు చెప్పాలి. వార్డుబాయ్‌తో సహా అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, "సార్‌కు చెప్పినవా?" నేను వెనకాల స్టూలు మీద కూర్చునేవాణ్ణి. కేక వేస్తే రెండు అడుగుల్లో అక్కడుంటాను. పెద్ద దవాఖానలో అది మంచి చట్టమే. దానివల్ల ప్రాణాలు నిలిచాయి. ఇది మాత్రం అతిశయోక్తి కాదు.

ఆమె వంతు వచ్చినప్పుడు ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. మీరందరూ అడిగే ప్రశ్నే అడిగింది. జీతం గురించి కాదు, క్వార్టర్ గురించి కాదు.

"సార్, ఆడ నాతోని ఇంకొక మత్తు డాక్టర్ ఉంటరా?"

బోర్డులో నలుగురూ నీళ్ళ గ్లాసులు అందుకున్నారు. నేనే చెప్పాను. "ఇంకొకరెందుకు? నేను లేనా? ఏదైనా అయితే ఒక్క ఫోన్ కొట్టు."

ఆ ఒక్క మాట మీద ఆమె సంతకం పెట్టింది. వాళ్ళ నాన్న దవాఖాన మెట్ల మీద నన్ను పట్టుకున్నాడు. "పట్నంల పెద్ద ప్రైవేటు దవాఖానోళ్ళు రమ్మంటాండ్రు సార్. నువ్వు పొలాలల్లకు తోలుతానవ్" అన్నాడు. "మీ అమ్మాయిని నేను ఒంటరిగా పంపడం లేదు" అన్నాను. ఎంత ఘనంగా అన్నానంటే ఆయన నాకు దండం పెట్టాడు. నా జీవితంలో నాకు పడిన అతి కొద్ది దండాల్లో అదొకటి.

ఆమె చేరింది. థియేటర్ తాళం తెరిచారు. ఫోన్లు మొదలయ్యాయి.

ప్రతి కేసుకూ ముందు ఫోన్. "సార్, ఇరవై రెండేండ్లు. రెండో కాన్పు. మంచిగనే ఉన్నది. వెన్నుల ఇంజెక్షన్ ఇస్త." నేను మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. మూడింటికీ జవాబు ఆమెకు తెలుసు. ఆ జవాబులు ఆమెకు తెలుసని నాకూ తెలుసు. అయినా అడిగేవాణ్ణి. కేసు అయ్యాక మళ్ళీ ఫోన్. "అయిపోయింది సార్. ఆడపిల్ల." "శభాష్" అనేవాణ్ణి. రోజుకు రెండు మూడు సార్లు.

ఒకరోజు అడిగింది. "సార్, గిసొంటి మామూలు కేసులకు చెప్పకుంట చేసుకోనా?"

అప్పుడు నేను చెప్పవలసిన జవాబు ఒకటే. చేసుకోమ్మా. నేను చెప్పింది వేరు. "చేసుకో. నీ ఇష్టం. కానీ మామూలు కేసు అనుకున్నప్పుడే..." అని ఆగి, ఎప్పుడో జరిగిన భయంకరమైన కేసు ఒకటి వర్ణించాను. ఆ కేసు కూడా సగం నా కల్పనే. మరునాడు మామూలుగా ఫోన్ వచ్చింది.

ఎందుకలా చేశానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు, వయసు వచ్చింది కాబట్టి. నా భార్య పోయి అప్పటికి ఏడాది. మాకు పిల్లలు లేరు. హనుమకొండలో ఇంటికి వెళితే తలుపు నేనే తీసుకోవాలి, లైటు నేనే వేసుకోవాలి, కూర బాగుందని నాకు నేనే చెప్పుకోవాలి. రోజు మొత్తంలో నా అవసరంతో నా కోసం మోగేది ఆ ఫోన్ ఒక్కటే. ఆ అమ్మాయి తనంతట తాను నిలబడితే అది ఆగిపోతుంది. శిష్యురాలిని కాపాడుతున్నానని అందరికీ చెప్పుకున్నాను. కాపాడుకున్నది ఫోన్‌ను.

ఇక ఆ రోజు.

మళ్ళీ ఇంటర్వ్యూలే. అదే హాలు, అదే తెల్లగుడ్డ. ఆశ్చర్యంగా ఆ పొద్దున ఒక కుర్రాడు వచ్చాడు. బోర్డు పెద్దాయన మా ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టించాడు. నాది సంచిలో ఉంది. కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని అడిగాడు, "సార్, అక్కడ నాతోపాటు ఇంకెవరైనా ఉంటరా?"

నేను వెనక్కి వాలి మొదలుపెట్టాను. "తొర్రూరు వైపు మా అమ్మాయి ఒకతి ఉంది. ఒక్కతే. ఎంత హాయిగా చేసుకుంటోందో వెళ్ళి చూడు. ఏదైనా అయితే నాకు ఫోన్ కొడుతుంది. ఎప్పుడు కొట్టినా ఎత్తుతాను. ఇంతవరకు ఒక్కటి వదల్లేదు."

సరిగ్గా ఆ నిమిషానే నా సంచిలో ఫోన్ వెలిగి ఆరిందని చెబితే కథ బాగుంటుంది. అదే నిమిషమని నేను రుజువు చేయలేను. ఆ పొద్దునే అన్నది మాత్రం ఖాయం. మధ్యాహ్నం భోజనానికి లేచి చూసుకుంటే ఆమె దగ్గర్నుంచి ఏడు మిస్డ్ కాల్స్. ఏడు. వెంటనే చేశాను.

"అయిపోయింది సార్. తల్లీబిడ్డ ఇద్దరు మంచిగున్నరు" అంది. ఫోన్ పెట్టేసింది.

ఏమైందని అడగడానికి కూడా సమయం ఇవ్వలేదు. "శభాష్" నా నోట్లోనే ఉండిపోయింది.

నేను మరునాడే పరుగెత్తి వెళ్ళానని చాలామందికి చెప్పాను. వెళ్ళలేదు. సాయంత్రం ఫోన్ వస్తుందని చూశాను. రాలేదు. మరునాడు రాలేదు. ఫోన్ పాడైందేమోనని పక్కింటాయన చేత నాకు ఫోన్ చేయించుకున్నాను. చక్కగా మోగింది. తొమ్మిది రోజులు ఆ ఇంట్లో ఏ చప్పుడూ లేదు. తొమ్మిదో రోజు బస్సెక్కాను. పేషెంటు ఎలా ఉందో చూడటానికని మీరు అనుకుంటే నాకు గౌరవమే. కానీ నేను వెళ్ళింది ఫోన్ ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి.

దవాఖాన వరండాలో ఒక పెద్ద స్టాఫ్ నర్సు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. మా అమ్మాయితో థియేటర్‌లో ఉండేది ఆమే. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీరేనా, ఫోన్ సారు?"

నాకు ఆ దవాఖానలో ఆ పేరుందని అప్పుడే తెలిసింది.

"మేడం ఆపరేషన్ల ఉన్నది. కూసోండ్రి. చాయ్ తాగుతరా?" అంది. చాయ్ తెచ్చి, నేను అడగకముందే ఆ రోజు సంగతి చెప్పింది.

వెన్నులో ఇచ్చిన మందు ఆ తల్లికి ఉండవలసిన దానికంటే పైకి ఎక్కింది. నడుము దాటి, ఛాతీ దాటి. మోతాదు సరిగ్గా ఇచ్చినా ఎప్పుడో ఒకసారి అలా అవుతుంది. ఆమె, "అమ్మా, చేతులు తిమ్మిరెక్కుతానయ్. దమ్ము ఆడుతలేదు" అంది. బీపీ పడిపోతోంది. అలాంటప్పుడు ఏం చేయాలో మా అమ్మాయికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ముఖానికి మాస్కు పెట్టి గాలి ఊదాలి, బీపీ మందు ఇవ్వాలి, గొంతులో గొట్టం వేయాలి. ప్రతి సెకను లెక్కే.

ఆమె ఫోన్ తీసింది.

"మస్తు కోపమొచ్చింది సారు నాకు" అంది నర్సు. "ఆడ మనిషి సావుబతుకులల్ల ఉంటే ఈమె బొత్తాలు వత్తుతాంది. ఇదేందమ్మా అంటే, 'సార్‌కు చెప్పాలె సిస్టర్, ముందు సార్‌కు చెప్పాలె' అంటాంది. నేనన్న, 'ఫోన్ కింద వెట్టు బిడ్డా. ఆయనొచ్చి ఊదుతడా ఏంది?' అన్న."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? కింద వెట్టింది. ఊదింది. గొట్టమేసింది. కాన్పుల పెద్ద మేడం పొట్ట కోసి పోరన్ని తీసింది. వాడు కెవ్వుమన్నడు. తల్లికి దమ్ము తనంతట తనకు వచ్చేదాక ఈమె బల్లకాన్నించి కదలలె. చేత్తోనే గాలి బ్యాగు పిసుక్కుంట రెండు గంటలు. చేతులు వాచినయ్. నేను పిసుకుత అంటె ఇయ్యలె."

చాయ్ చల్లారిపోయింది. పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగండి. నేను ముప్పై ఏళ్ళు నేర్పిన చట్టమే ఆ గదిలో ఆమె చేతులు కట్టేసింది. పక్క స్టూలు మీద సార్ ఉన్నచోట 'ముందు చెప్పాలి' అన్నది రక్షణ. సార్ గంటకు పైగా దూరంలో ఉన్నచోట అదే మాట ఉరితాడు. ఆ చట్టాన్ని ఆమె మీది నుంచి ఎప్పుడో ఒకప్పుడు నేనే విప్పాలి. అదీ శిక్షణలో భాగమే, చివరి భాగం. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను గానీ ఆ పని చేయలేదు. అడిగినా చేయలేదు.

"ఇంకొక మాట సారు" అంది నర్సు గ్లాసు తీసుకుంటూ. "మేడం రాజీనామా రాసింది. ఆమె బల్ల మీది ఫైలుల ఉంటది."

ఆమె వెళ్ళిపోతే థియేటర్‌కు మళ్ళీ తాళం. మళ్ళీ రెఫరల్ చీటీలు. మళ్ళీ ఆ ఖాళీ కుర్చీ. కారణం నేను. ఆ క్షణంలో నాకు తోచింది అదే.

మా అమ్మాయి థియేటర్ నుంచి బయటికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది గానీ నడక మారింది. "ఎప్పుడొచ్చిండ్రు సార్?" అని మామూలుగా అడిగింది. ఆమె గదిలో కూర్చున్నాం. ఫైల్లో కాగితం కనబడుతోంది. నేను మాట్లాడాను. ఎంత బాగా మాట్లాడానంటే, నా రిటైర్మెంటు సభలో కూడా అంత బాగా మాట్లాడలేదు. నా తప్పు ఒప్పుకున్నాను. ఏడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తని గురువును క్షమించమన్నాను. నా మీది కోపం ఈ ఊరి ఆడవాళ్ళ మీద చూపించవద్దన్నాను. ఆమె తల వంచుకుని విన్నది. చివరకు ఆ రాజీనామా కాగితం నేనే లాగి, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాను. సాయంత్రం బస్సులో కూర్చుని కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ, ఒక థియేటర్‌ను కాపాడానని అనుకున్నాను.

ఆమె ఇవాళ్టికీ అక్కడే ఉంది. ఇప్పుడు పెద్ద కాలేజీ నుంచి పీజీ పిల్లల్ని మూడేసి నెలలు ఆమె దగ్గరికి నేర్చుకోవడానికి పంపుతున్నారు. మొదటి రోజే వాళ్ళ ఫోన్లు తీసుకుని బీరువాలో పెడుతుందట. ఆమె పక్కనే నిలబడుతుందట గానీ ఏదైనా అడిగితే, "నేను లేననుకో, ఇప్పుడేం చేస్తవ్?" అంటుందట. నాకు ఫోన్ మాత్రం పండగలకు వస్తుంది. కేసుల గురించి కాదు. "ఆరోగ్యం మంచిగుందా సార్, బీపీ గోలీలు ఏసుకుంటానరా?" అంటుంది. ఇప్పుడు పేషెంటును నేను.

ఇంతవరకు రాసి, తప్పులుంటే దిద్దమని మొత్తం ఆమెకే వాట్సాప్‌లో పంపాను. అబద్ధం చెప్పను, కొంత మెచ్చుకోలు కూడా ఆశించాను. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది. వెనకాల ఎవరో పసిబిడ్డ ఏడుస్తున్నాడు.

"సదివిన సార్. మస్తు రాసిండ్రు."

"తప్పులేమైనా..."

"ఉన్నయ్. మీరు చింపింది జిరాక్సు సార్."

"ఏమిటి?"

"రాజీనామా. అసలుది నేను సూపరింటెండెంట్ సార్ దగ్గరికెళ్ళి ఆ కేసు అయిన దినం సాయంత్రమే వాపస్ తెచ్చుకున్న. ఫైలుల ఉన్నది ఆఫీసు కాపీ. మీరు గంత జోరు మీద మాట్లాడుతాండ్రని మధ్యల చెప్పలె."

నేను గొంతు సవరించుకున్నాను. "అయితే రాసింది మాత్రం నా వల్లే కదా. నేను ఫోన్ ఎత్తలేదనే కదా."

"కాదు సార్. అది రాసింది అంతకు ముందటి సోమవారం. మీరు రోజు ఎత్తుతున్నప్పుడే."

ఫ్యాను చప్పుడు వినబడింది. నా గదిలోదో ఆమె గదిలోదో తెలియలేదు.

"ఇంకొకటి" అంది, ఆ దుకాణపు గొంతుతోనే. "ఏడు మిస్డ్ కాల్స్ అని రాసిండ్రు. నేను కొట్టింది ఒక్కటే."

"అదీ... చదివేవాళ్ళకు కొంచెం..."

"అది గుడ రెండు రింగులకే కట్ చేసిన. మీరు ఎత్తలేదని నేను ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్నట్టు రాసిండ్రు, అది తీసెయ్యుండ్రి. ఫోన్ కింద పెట్టినంక మీరు నాకు యాదికే రాలె సార్."